మార్కెట్లో దొరకని పాత రైఫిల్ తూటాలకు ఇత్తడి గుల్లలు: కొనాలా, మలచుకోవాలా?

కంపెనీలు తయారు చేయడం మానేసిన తూటా వాడే పాత రైఫిల్ ఒకటి చేతికి వచ్చి, దాన్ని ఎప్పుడో ఒకసారి పేల్చి చూడాలన్న కోరిక కలిగినవారికి అసలు చిక్కు ఇత్తడి గుల్ల దగ్గరే ఎదురవుతుంది. గుండును సీసంతో ఇంట్లోనే పోత పోసుకోవచ్చు, పేలుడు మందునూ, దాన్ని అంటించే ప్రైమర్లనూ దుకాణంలో కొనుక్కోవచ్చు. రైఫిల్ గొట్టం వెనక తూటా కూర్చునే అర, అంటే చాంబర్ లోపలి ఒత్తిడినంతా తన మీద వేసుకుని, పేలిన తరువాత చెక్కు చెదరకుండా బయటికి రావలసిన గుల్లకు మాత్రం అలాంటి సులువైన దారి లేదు. ఉన్న దారులు నాలుగు: అడుగున ఆ తూటా పేరే ముద్ర వేసిన కొత్త గుల్ల కొనడం, ఇప్పటికీ తయారవుతున్న వేరే తూటా గుల్లను వర్క్‌షాపులో మలచుకోవడం, గుండును పట్టే సన్నని మెడా, దాని కింద వాలుగా వెడల్పయ్యే భుజమూ లేని గొట్టం లాంటి గుల్లను తీసుకుని మొదటి నుంచీ తీర్చిదిద్దడం, ఇత్తడి కడ్డీ నుంచి లేత్ మీద చెక్కిన గుల్ల తెప్పించుకోవడం. వీటిలో ఎవరికి ఏది తగినదో చెప్పడమే ఈ వ్యాసం పని. మందు ఎంత వేయాలి, ఏ గుండు వాడాలి అన్న విషయాల జోలికి ఇక్కడ వెళ్ళడం లేదు. వాటికి ఆ తూటాకు సంబంధించిన ప్రచురిత పట్టికలే ఆధారం కావాలి.

ముందుగా చట్టం సంగతి చెప్పుకోవాలి, ఎందుకంటే తెలుగు చదివేవారిలో చాలామందికి ఈ వ్యాపకం మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతుంది. భారతదేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం తూటాతో పాటు తూటా భాగాలనూ, వాటిని తయారు చేసే యంత్రాలనూ మందుగుండు కిందనే లెక్కిస్తుంది. లైసెన్సు లేకుండా తయారు చేయడం నేరం. కాబట్టి ఆంధ్రప్రదేశ్‌లోనో తెలంగాణలోనో ఇంటి వర్క్‌షాపులో ఈ పని తలపెట్టనే కూడదు. అమెరికాలో సొంత వాడకానికి తూటాలు తయారు చేసుకోవడానికి ఫెడరల్ లైసెన్సు అవసరం లేదు, అమ్మడానికి తయారు చేస్తే అవసరం. కొన్ని రాష్ట్రాల నిబంధనలు ఇంకా కఠినంగా ఉంటాయి. అయితే హెచ్-1బి, ఎఫ్-1 వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారు తుపాకీ గానీ మందుగుండు గానీ కలిగి ఉండడాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉండడం వంటి కొద్దిపాటి మినహాయింపులు తప్ప దీనికి సడలింపు లేదు. ఆ చట్టం ఖాళీ ఇత్తడి గుల్లను కూడా మందుగుండులోనే చేర్చింది. షూటింగ్ రేంజిలో నేల మీద పడి ఉన్న గుల్లలను సరదాగా ఏరుకుని ఇంటికి తెచ్చుకునే తాత్కాలిక వీసాదారులు ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే చాలు. గ్రీన్ కార్డు ఉన్నవారికీ పౌరులకూ ఈ వీసా నిషేధం వర్తించదు. ఇక ముందు రాసేదంతా అలా అర్హత ఉన్నవారి కోసమే.

అన్నిటికీ ముందు గుల్ల అడుగు చూడాలి

గుల్ల పొడవు తగ్గించవచ్చు, మెడను సన్నబరచవచ్చు లేదా వెడల్పు చేయవచ్చు, భుజాన్ని వెనక్కి నెట్టవచ్చు. ఇవన్నీ చేతి ప్రెస్‌తోనూ అందులో బిగించి గుల్లకు ఆకారమిచ్చే డైలతోనూ అయ్యే పనులే. అడుగు భాగం మాత్రం మన మాట వినదు. ప్రైమర్ కూర్చునే గుంట, దాని చుట్టూ ఉన్న దళసరి గోడ, బయటి అంచైన రిమ్ కలిసిన ఆ భాగాన్ని కర్మాగారంలో పెద్ద పెద్ద ప్రెస్‌ల కింద అదిమి గట్టిపరుస్తారు. పేలుడు సమయంలో వాయువు వెనక్కి చిమ్మకుండా ఆపేది ఆ గట్టిదనమే. రిమ్ వ్యాసం కొంచెం ఎక్కువైతే లేత్ మీద తగ్గించుకోవచ్చు, మందం ఎక్కువైతే ముందు వైపు నుంచి కాస్త చెక్కవచ్చు. అడుగు వ్యాసం చాంబర్ కంటే బాగా తక్కువైతే దాన్ని పెంచే ఉపాయం ఇంట్లో లేదు. అందువల్ల మూల గుల్లను ఎంచుకునేటప్పుడు అడుగు వ్యాసం, రిమ్ వ్యాసం, రిమ్ మందం ఈ మూడూ ముందు సరిపోల్చుకుని, ఆ తరువాతే పొడవు చూడాలి. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. పొడవు సరిపోయిందన్న సంతోషంలో అడుగు దగ్గరి తేడాను పట్టించుకోకుండా డబ్బు పోసి డైలు కొనేస్తారు.

ఈ కొలతలు పుస్తకంలోని బొమ్మ నుంచి కాకుండా మీ రైఫిల్ చాంబర్ నుంచే రావాలి, ఎందుకంటే నూరేళ్ళ కిందటి చాంబర్లు, అందులోనూ సైన్యం కోసం చేసినవి, కాగితం మీది కొలతలకు వదులుగా ఉండడం మామూలే. చాంబర్ అచ్చు తీయడానికి సెర్రోసేఫ్ అనే బిస్మత్ మిశ్రలోహం వాడతారు. అది 70 నుంచి 88 డిగ్రీల సెల్సియస్ మధ్య, అంటే నీరు మరిగే వేడికి ముందే కరుగుతుంది. గట్టిపడ్డాక మొదట కొద్దిగా కుంచించుకుపోయి, తరువాత మెల్లగా వ్యాకోచిస్తూ, పోసిన గంట సేపటికి చాంబర్ కొలతకు సరిగ్గా వస్తుంది. కాబట్టి అచ్చు బయటికి తీయగానే కాకుండా గంట గడిచాక కొలవాలి. మరుసటి వారం కొలిస్తే పెరిగిన కొలత వస్తుంది. ఈ అచ్చును చూసి రైఫిల్ పేల్చడానికి పనికొస్తుందో లేదో అనుభవమున్న గన్‌స్మిత్ చేత చెప్పించుకోవడం గుల్లల మీద మొదటి డాలరు ఖర్చు పెట్టే ముందే జరగవలసిన పని.

దొరికితే కొనడమే మేలు

పాతికేళ్ళ కిందట మలచుకోవడం తప్ప గత్యంతరం లేని తూటాలు చాలావాటికి ఈనాడు కొత్త గుల్లలు దొరుకుతున్నాయి. సెర్బియాలోని ఉజిత్సేలో ఉన్న ప్ర్వి పార్టిజాన్ కర్మాగారం .303 బ్రిటిష్‌తో పాటు జపాన్ వారి 6.5, 7.7 అరిసాకాలకూ, 8 మి.మీ. లెబెల్‌కూ, 8×56 మాన్‌లిఖర్‌కూ, 7.65 అర్జెంటీనా మౌజర్‌కూ గుల్లలు చేస్తుంది. స్వీడన్‌కు చెందిన నోర్మా వీటిలో కొన్నిటిని ఇంకా మేలైన నాణ్యతతో, ఇంకా ఎక్కువ ధరకు ఇస్తుంది. అమెరికాలో మిస్సోరి రాష్ట్రంలోని స్టార్‌లైన్ సంస్థ .50-70, .45-90 వంటి బ్లాక్ పౌడర్ (పొగ వచ్చే పాత నల్ల మందు) కాలపు నిటారు గుల్లలకు పేరుపొందింది. ఇవేవీ చేయని అరుదైన కొలతలు ఆస్ట్రేలియాకు చెందిన బెర్‌ట్రామ్ దగ్గర ఉంటాయి; ధర ఎక్కువ, ఎదురుచూపూ ఎక్కువ.

కొన్న గుల్లలో మనకు కలిసివచ్చేవి మూడు. అడుగు ఆ తూటాకే కొలిచి చేసినది. మెడ మందం అటూ ఇటూగా సమానంగా ఉంటుంది. అడుగున అచ్చు వేసిన పేరు నిజం చెబుతుంది. ఈ మూడోదాని విలువ చివర్లో తెలుస్తుంది.

ధరల లెక్కలో పొరపాటు తరచుగా జరిగే చోటు ఒకటుంది. రేంజిలో ఏరిన, అమెరికాలో విరివిగా దొరికే .30-06 రైఫిల్ తూటా గుల్ల ఉచితమే కదా అని మలచుకోవడం చవక అనుకుంటారు. డైల సెట్టు, పొడవు తగ్గించే ట్రిమ్మర్, మెడ లోపలి మందాన్ని చెక్కి తీసే రీమర్, ఇత్తడిని వేడితో మెత్తబరచే అనీలింగ్ సరంజామా, వీటికి తోడు పగిలిపోయీ ముడతలు పడీ పారేయవలసివచ్చే గుల్లలు, ఇవన్నీ కలిపి చూస్తే, ఏడాదికి నలభై యాభై తూటాలు పేల్చేవారికి ఎంత ఖరీదైన కొత్త గుల్లలైనా చవకగానే తేలతాయి. అదే రైఫిల్‌తో ప్రతి నెలా పోటీలకు వెళ్ళేవారికీ, ఒకే అడుగు ఉన్న నాలుగైదు పాత రైఫిళ్ళు ఉన్నవారికీ లెక్క మారుతుంది. లోహం పని అంటేనే ఇష్టమైనవారికి ఈ లెక్కతో నిమిత్తం లేదు, వారిని ఆపడం ఎవరి తరమూ కాదు.

భారతదేశంతో నేరుగా ముడిపడిన తూటాలు కొన్ని ఈ కోవలోనే చేరతాయి. .577/450 తూటా వాడే బ్రిటిష్ సైనిక రైఫిళ్ళు మార్టిని-హెన్రీలు తిరుగుబాటుదారుల చేతుల్లో ఉన్నాయన్న భయంతో బ్రిటిష్ ప్రభుత్వం ఇరవయ్యో శతాబ్దం మొదట్లో .450 కొలత తూటాలను ఇక్కడి పౌరులకు నిషేధించింది. పులుల వేటకు వచ్చే దొరలను, వారితో పాటు సంస్థానాధీశులను ఖాతాదారులుగా పోగొట్టుకోవడం ఇష్టం లేని లండన్ తుపాకీ కంపెనీలు ఆ కొలతను కొద్దిగా దాటించి .500/465, .470, .476 వంటి కొత్త తూటాలను పుట్టించాయి. ఆ తూటాలు వాడే జంట గొట్టాల రైఫిల్ ఒకటి ఎవరికైనా వారసత్వంగానో వేలంలోనో వస్తే, దాని విలువ ముందు గుల్లల ధర ఎంత పెద్దదైనా లెక్కలోకి రాదు. వీటి అడుగు చాలా పెద్దది కాబట్టి రోజువారీ అమెరికన్ తూటాల్లో దీనికి జత లేదు. ఇక్కడ మలచుకునే ఆలోచన వదిలేసి కొనడమే తెలివైన పని.

మూల గుల్లను మలచడం: ఒకే గుల్ల, రెండు కథలు

మలచడంలో ఉన్న కష్టసుఖాలు .30-06 గుల్లను రెండు పాత తూటాలుగా మార్చి చూస్తే బాగా తెలుస్తాయి. .30-06 గుల్ల పొడవు 63.35 మి.మీ.; భుజం 49.5 మి.మీ. దగ్గర మొదలై, మెడ 53.56 మి.మీ. దగ్గర మొదలవుతుంది. 1939లో జపాన్ సైన్యం తీసుకున్న రైఫిల్‌కు చెందిన 7.7 అరిసాకా గుల్ల సుమారు 58 మి.మీ. 1889 బెల్జియం మౌజర్‌తో మొదలై 1891 అర్జెంటీనా మౌజర్‌తో ప్రసిద్ధికెక్కిన 7.65 గుల్ల పొడవు 53.5 మి.మీ.కి దగ్గరగా ఉంటుంది. రెండింటి అడుగూ .30-06కు దగ్గరిదే. అరిసాకా చాంబర్ కొంచెం వదులు కాబట్టి పేల్చాక అడుగు పైభాగాన చిన్న ఉబ్బు కనిపించవచ్చు.

అరిసాకా కోసం కత్తిరించినప్పుడు పాత మెడలో నాలుగు మిల్లీమీటర్లకు పైగా మిగిలే ఉంటుంది. కొత్త మెడలో పై సగం పాత మెడే, మిగిలిన సగం పాత భుజం నుంచి వస్తుంది. 7.65 కోసం కత్తిరించినప్పుడు పాత మెడ దాదాపు మొత్తంగా చెత్తబుట్టలో పడుతుంది. కొత్త మెడ అంతా పాత భుజం నుంచీ దాని కింది గోడ నుంచీ పుడుతుంది. గుల్ల గోడ పైకి పోయే కొద్దీ పలచబడుతుంది. అంటే కింద ఉన్న లోహాన్ని మెడ స్థానానికి తెస్తే మెడ మందంగా తయారవుతుంది, దాన్ని చిన్న వ్యాసానికి అదిమినప్పుడు ఇంకా మందమవుతుంది. బయటి నుంచి చూస్తే ఇవి రెండూ ఒకేలా నిగనిగలాడుతుంటాయి, తేడా కంటికి ఆనదు. మైక్రోమీటర్‌తో కొలిస్తేనే దొరుకుతుంది.

మందమైన మెడ వల్ల వచ్చే ప్రమాదం చిన్నది కాదు. తూటా పేలినప్పుడు మెడ కొద్దిగా విచ్చుకుని గుండును వదలాలి. మెడ బయటి గోడ అప్పటికే చాంబర్‌కు ఆనుకుని ఉంటే విచ్చుకునే చోటు ఉండదు, గుండు బిగుసుకుని కదలదు, ఒత్తిడి ఒక్కసారిగా ఆకాశానికి అంటుతుంది. దీనికి పనిముట్లు అక్కరలేని పరీక్ష ఒకటుంది. ఆ రైఫిల్‌లో పేల్చిన గుల్లను తీసుకుని, మళ్ళీ డైలో వేయకుండానే, దాని మెడలోకి కొత్త గుండును వేళ్ళతో జార్చాలి. గుండు తన బరువుతోనే లోపలికి జారితే ఖాళీ ఉన్నట్టు. అంచు దగ్గరే ఆగిపోతే ఆ విడత గుల్లలన్నీ పక్కన పెట్టాలి. అయితే ఈ పరీక్ష పేల్చిన తరువాతిది. పేల్చక ముందే మెడ బయటి వ్యాసాన్ని గుండుతో సహా కొలిచి చాంబర్ అచ్చుతో పోల్చడం తప్పనిసరి.

మందాన్ని తగ్గించడానికి రెండు పద్ధతులున్నాయి. మెడ లోపల రీమర్ తిప్పడం త్వరగా అయిపోతుంది, ఎక్కువ లోహాన్ని ఒకేసారి తీస్తుంది, కానీ రీమర్ ఉన్న రంధ్రాన్నే అనుసరిస్తుంది కాబట్టి ఒక వైపు మందంగా, మరో వైపు పలచగా ఉన్న మెడ ఆ వంకరతోనే మిగులుతుంది. మెడలో సరైన కొలత కడ్డీ దూర్చి బయటి నుంచి చెక్కే పద్ధతి నెమ్మదిదే అయినా మందాన్ని చుట్టూ సమానం చేస్తుంది. బాగా మందమైన మెడలకు ముందు రీమర్, ఆ తరువాత బయటి చెక్కుడు అన్న వరుస నాకు నచ్చుతుంది. ఒక్కటే కొనగలిగితే 7.65 లాంటి పనికి రీమర్, అరిసాకా లాంటి పనికి బయటి చెక్కుడు పనిముట్టు సరిపోతాయి. మెడ మొదట్లో, భుజం కలిసే చోట లోపలి వైపు ఒక మందపాటి వలయం మిగిలిపోవడం రెండింటిలోనూ ఉంది. గుండు అంత లోతుకు దిగే తూటాల్లో దాన్ని రీమరే తీయాలి.

కొన్ని జతలకు అసలు పొడవే చాలదు. .30-30 గుల్లను .38-55గానో .32-40గానో వెడల్పు చేయడం అమెరికాలో చాలా పాత అలవాటు, అడుగు చక్కగా సరిపోతుంది కూడా. కానీ .30-30 పొడవు 51.8 మి.మీ., .38-55 అసలు గుల్ల 54 మి.మీ. దాకా ఉంటుంది, మెడను వెడల్పు చేసినప్పుడు ఆ కాస్త పొడవూ ఇంకొంచెం తగ్గుతుంది. పొట్టి గుల్ల పేలుతుంది, ప్రమాదమూ లేదు, కానీ గుల్ల అంచుకూ చాంబర్ చివరకూ మధ్య మిగిలిన ఖాళీలో సీసం పేరుకుని గురి దెబ్బతింటుంది. సరదాగా పేల్చేవారికి ఇది చాలు. గురి పోటీలకు పనికిరాదు.

గొట్టం నుంచి మొదలుపెట్టేవారికి మార్టిని-హెన్రీ పాఠం

1871లో బ్రిటిష్ సైన్యం చేపట్టిన మార్టిని-హెన్రీ తూటా, అంటే .577/450, ఈ వ్యాపకంలో ఒక పెద్ద అధ్యాయం. మొదట్లో దాని గుల్ల కర్నల్ బాక్సర్ రూపొందించిన పద్ధతిలో పలచని ఇత్తడి రేకును చుట్టి చేసినది. వేడెక్కిన చాంబర్‌లో అది చిరిగి ఇరుక్కుపోతుందన్న ఫిర్యాదులు వచ్చాకే గట్టి గుల్లలు వచ్చాయి. 2003లో కాఠ్మాండూలోని రాజుల ఆయుధశాల నుంచి మార్టిని-హెన్రీలూ, వాటికి ముందరి బ్రిటిష్ సైనిక రైఫిళ్ళయిన స్నైడర్లూ, నేపాల్ సొంత తయారీ గహేంద్ర రైఫిళ్ళూ పెద్ద సంఖ్యలో అమెరికా చేరాయి. వాటి యజమానులు ఒక్కసారిగా గుల్లల వేటలో పడ్డారు.

వారిలో చాలామందికి దారి చూపినది ఒక షాట్‌గన్ గుల్ల. బ్రెజిల్‌కు చెందిన మాగ్‌టెక్ పూర్తి ఇత్తడితో చేసే 24 గేజి షాట్‌గన్ గుల్ల పొడవు 63.5 మి.మీ.; దాన్ని సుమారు 51 మి.మీ.కి కత్తిరిస్తే .577 స్నైడర్, 59.5 మి.మీ.కి కత్తిరించి మెడ దించితే .577/450. స్నైడర్ రూపం దాదాపు నిటారు కాబట్టి ఆ పని ఒక సాయంత్రంలో నేర్చుకోవచ్చు. ఈ కళలోకి అడుగుపెట్టేవారికి అంతకంటే మంచి తొలి పాఠం లేదు. మార్టిని అలా కాదు. పదిహేనున్నర మిల్లీమీటర్ల గొట్టాన్ని పన్నెండు మిల్లీమీటర్ల మెడగా దించాలంటే రెండు మూడు డైలు వరుసగా వాడాలి, మధ్యలో మెడను మళ్ళీ మెత్తబరచాలి. తొందరపడి ఒకే డైలోకి నెడితే భుజం దగ్గర లోహం మడత పడుతుంది. కందెన ఎక్కువైతే, బయటికి పోయే దారి లేని నూనె ఇత్తడిని లోపలికి నొక్కి వేలిముద్రంత సొట్ట వేస్తుంది. తక్కువైతే గుల్ల డైలో ఇరుక్కుపోతుంది. ప్రెస్ మీట లాగుతున్నప్పుడు చేతికి తగిలే బిగువు ఒక్కసారిగా పెరిగితే అక్కడే ఆగి, గుల్ల వెనక్కి తీసి, తుడిచి, చూసి మళ్ళీ పెట్టాలి.

ఈ పద్ధతికి ఒక గట్టి హద్దుంది. షాట్‌గన్ గుల్ల తక్కువ ఒత్తిడి కోసం చేసినది, గోడ పలచన, అడుగూ అంత దళసరి కాదు. బ్లాక్ పౌడర్ కాలపు మార్టిని, స్నైడర్ల ఒత్తిడికి అది తట్టుకుంటుంది. కొలత కుదిరింది కదా అని పొగ రాని మందుతో ఎక్కువ ఒత్తిడికి పేల్చే తూటాకు దాన్ని వాడడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. మూల గుల్ల ఏ ఒత్తిడికి పుట్టిందో, కొత్త తూటా ఆ ఒత్తిడికి కిందే ఉండాలి. ఈ నియమానికి మినహాయింపు లేదు.

మార్టినికి తయారైన గుల్లలు కూడా దొరుకుతాయి, ఒక్కో గుల్ల ధరకు మాగ్‌టెక్ గుల్లలు చాలానే వస్తాయి. కొన్న గుల్లల్లో గోడ మందం ఎక్కువ కావడంతో లోపల మందు పట్టే చోటు తగ్గుతుంది. పలచని షాట్‌గన్ గుల్ల లోపలి పరిమాణంలో పాత రేకు గుల్లకు దగ్గరగా ఉండడం కొందరికి నచ్చుతుంది. ఓపిక ఉన్నవారికి ఇక్కడ మలచడమే మేలని నా తీర్పు.

మెత్తబరచడం, అంటే అనీలింగ్

పెంబర్తిలోనో బుడితిలోనో ఇత్తడి పని చేసేవారిని అడిగితే, సుత్తి దెబ్బలు తిన్న కొద్దీ రేకు బిరుసెక్కుతుందనీ, మళ్ళీ మంటలో పెడితేనే మాట వింటుందనీ చెబుతారు. గుల్ల ఇత్తడి డెబ్బై పాళ్ళు రాగి, ముప్ఫై పాళ్ళు తుత్తునాగం. దాని స్వభావం కూడా అదే. డైలోకి వెళ్ళిన ప్రతిసారీ మెడ గట్టిపడుతుంది, చివరికి చిట్లుతుంది. ఉక్కులా కాకుండా ఇత్తడిని వేడి చేసి నీళ్ళలో ముంచినా గట్టిపడదు. ముంచడం వల్ల వేడి కిందికి పాకకుండా ఆగుతుంది, అంతే.

ఇక్కడ ఒకే ఒక్క నిషేధం ఉంది: అడుగు వేడెక్కకూడదు. గుల్ల మొత్తాన్ని కొలిమిలోనో ఓవెన్‌లోనో పెట్టి మెత్తబరచడం చూడటానికి సులువే, కానీ మెత్తబడిన అడుగు పేలినప్పుడు సాగి, వాయువును పేల్చేవారి ముఖం వైపు వదులుతుంది. చవకైన పద్ధతి గ్యాస్ టార్చి, చీకటి గది, గుల్లను పట్టి చేత్తో తిప్పే సాకెట్. కొంచెం ఖర్చుతో 400 డిగ్రీల దగ్గర కరిగే రంగు మెడ లోపల పూసుకుంటే ఊహాగానం తగ్గుతుంది. అదే రకం రంగులో 250 డిగ్రీలకు కరిగేది గోడ మధ్యలో పూస్తే వేడి ఎంత కిందికి దిగిందో తెలుస్తుంది. విద్యుత్ ఇండక్షన్ యంత్రాలు ప్రతి గుల్లకూ ఒకే సమయం ఇస్తాయి, వందల గుల్లలు చేసేవారికి తప్ప ఆ ఖర్చు గిట్టదు. ఇంటి వర్క్‌షాపుకు టార్చి, రెండు సీసాల రంగు చాలు.

మలిచిన గుల్లలో మిగిలిపోయే లోపలి ఒత్తిడికి సంబంధించిన పాఠం ఒకటి భారతదేశపు వానాకాలమే నేర్పింది. వర్షాలు పడే నెలల్లో బ్రిటిష్ సైన్యం గుర్రపు శాలల్లో దాచిన తూటాల ఇత్తడి వాటంతట అదే పగిలిపోయేది. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమోనియా, అదిమి చేసిన ఇత్తడిలో మిగిలిన ఒత్తిడి, ఈ రెండూ కలవడమే కారణమని 1921లో తేలింది. కాబట్టి మలిచిన గుల్లలను మెరిపించడానికి అమోనియా ఉన్న ఇత్తడి పాలిష్ వాడకూడదు. నిమ్మ ఉప్పు కలిపిన గోరువెచ్చని నీళ్ళు, లేదా తవుడు లాంటి పొడి వేసి తిప్పే యంత్రం చాలు.

లేత్ గుల్లలూ, అమ్మమ్మల కాలపు గుల్లలూ

కడ్డీ నుంచి చెక్కిన గుల్లకు అడుగు దొరకదన్న బాధ లేదు, ఏ కొలతకైనా చేస్తారు, ఏ మూల గుల్లా లేని అరుదైన తూటాకు అదే దిక్కు. లోహం అదిమి గట్టిపరచినది కానందున గోడను మందంగా ఉంచుతారు. దాంతో లోపలి చోటు తగ్గుతుంది, పాత పట్టికల్లోని మందు కొలతలు యథాతథంగా చెల్లవు. సొంత లేత్ ఉన్నవారికి తామే చేసుకోవాలన్న ఆశ పుడుతుంది. ఆ ఆశను అణచుకోమనే చెబుతాను: సులువుగా చెక్కుపడే ఇత్తడి కడ్డీల్లో సీసం కలిసి ఉంటుంది, అది ఒత్తిడికి సాగకుండా పగులుతుంది.

రైఫిల్‌తో పాటు వచ్చిన పాత డబ్బాలోని అసలు గుల్లలు మళ్ళీ వాడాలనుకోవడం సహజం. అవి చూడటానికి బాగుంటాయి గనుక అలమారలోనే పెట్టుకోవాలి. ఆనాటి ప్రైమర్లలో పాదరసం ఉండేది, పేలిన తరువాత అది ఇత్తడిలో కలిసి గుల్లను పెళుసుగా చేస్తుంది. పైకి కనిపించే గుర్తు ఏదీ ఉండదు.

ఎవరికి ఏది

కుటుంబంలోకి వచ్చిన ఒక్క రైఫిల్‌ను ఏడాదికి ఒకటి రెండుసార్లు పేల్చేవారు, ధర చూడకుండా సరైన ముద్ర ఉన్న గుల్లలు కొనాలి. అరిసాకా, 7.65 మౌజర్ వంటి వాటికి కొత్త గుల్లలు మార్కెట్లో ఉన్నంత కాలం మలచడానికి కారణం లేదు. అవి కనబడకుండా పోయిన రోజుల్లో మాత్రం .30-06 ఆదుకుంటుంది, అప్పుడు మెడ మందం కొలిచే మైక్రోమీటర్ డైల కంటే ముందు కొనాలి. స్నైడర్, మార్టిని యజమానులకు షాట్‌గన్ గుల్లే చవకైన, సరైన దారి. .470 వంటి పెద్ద వేట తూటాలు వాడే నైట్రో ఎక్స్‌ప్రెస్ రైఫిళ్ళకు కొనడం తప్ప మరో మాట లేదు. ఎక్కడా అడుగు కుదరని తూటాకు, బాగా పేరున్న చోట లేత్ మీద చేయించుకోవాలి.

డైల విషయంలో ఆర్‌సిబిఎస్, రెడ్డింగ్, ఒహాయో రాష్ట్రంలోని సిహెచ్4డి సంస్థల మధ్య నాణ్యతలో పెద్ద తేడా చూడనక్కరలేదు. మరుగున పడిన తూటాలకు డైలు వెతుకుతుంటే చివరికి చేరేది ఎక్కువగా సిహెచ్4డి దగ్గరికే. పొడవు కత్తిరించే ట్రిమ్ డై ఉంటే ప్రత్యేక యంత్రం అక్కరలేదు. దాని పైముఖం గట్టిపరచిన ఉక్కు కావడంతో, రంపంతో కోసి ఆకురాయితో అరగదీసినప్పుడు ఆకురాయి డైను తాకి జారిపోతుంది.

మలిచిన ప్రతి గుల్ల అడుగున పాత పేరే ఉంటుంది. 7.65 మౌజర్ గుల్ల మీద .30-06 అని కనిపిస్తే, మీకు తెలిసినా మీ తరువాత ఆ డబ్బా తెరిచేవారికి తెలియదు. పాత పేరు మీద చిన్న రంపంతో అడ్డంగా గీత గీయడం, అడుగుకు శాశ్వత రంగు వేయడం, డబ్బా మూత మీద మాత్రమే కాకుండా లోపల కూడా తూటా పేరు, ఏ రైఫిల్ కోసం మలిచారో, ఎన్నోసారి వాడుతున్నారో రాసిన చీటీ పెట్టడం, ఇవి పని పూర్తయిన రోజే చేయాలి. ఆ రైఫిల్ అమ్మినప్పుడు చీటీతో సహా గుల్లలను దానితోనే పంపాలి. రైఫిల్ లేకుండా గుల్లలు మాత్రమే మిగిలితే శ్రావణంతో మెడలు నలిపి పాత ఇత్తడి కొనేవారికి తూకానికి వేసేయాలి.